వాడనివి కిందికి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: మంచం మీద అమ్మ, మంచం పట్టె పట్టుకుని నాన్న, గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని నాయనమ్మ, వంటింట్లో పిన్ని, గుంటూరు నుంచి కారులో వచ్చిన అలివేలు మేడం, ఆవిడ తెచ్చిన అట్టపెట్టె వెనకాల దాక్కున్నట్టుగా నిలబడిన ఆ ఇంటి పిల్ల వకుళ. కిటికీలో కూర్చుని చూస్తున్న పక్కింటి పిల్లిని కూడా కలపాలంది పిన్ని.

అమ్మ పేరు శేషుకుమారి. చలికాలం మొదట్లో ఒక పొద్దున, రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తూ చేస్తూనే పక్కకి ఒరిగిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆమెకి మిగిలినవి చూపు, వినికిడి. కాళ్ళూ చేతులూ నాలుకా ఏవీ మాట వినలేదు. ఆఖరికి కనురెప్పలు కూడా తమకి తోచినప్పుడు వాలేవి తప్ప ఆమె వాల్చమన్నప్పుడు వాలేవి కావు. "లోపల మనిషి మొత్తం ఉందంట. మనకే వినపడదంట," అని నాయనమ్మ చూడవచ్చినవాళ్ళందరికీ చెప్పేది, పాడుబావిలో పడిన మనిషి సంగతి చెబుతున్నట్టు గొంతు తగ్గించి.

అలివేలు మేడం పనిచేసేది ఇలాంటివాళ్ళకి మాట తెప్పించే పరిశోధనశాలలో. ఆవిడ పెట్టెలోంచి ఒక నల్లటి పట్టీ తీసి అమ్మ నుదుటికి చుట్టింది. మంచానికి ఎదురుగా పలకంత తెర నిలబెట్టింది. తెర మీద మూడు మాటలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నీళ్ళు. పక్కకి తిప్పండి. దోమలు. ఒక పచ్చటి వెలుగు పై మాట దగ్గర్నుంచి కింది మాటకి మెల్లగా దిగుతూ, మళ్ళీ పైకి వస్తూ ఉంది.

"శేషుకుమారి గారూ, మీకేం కావాలో దాని మీదకి వెలుగు వచ్చినప్పుడు, మనసులో 'ఆ, ఇదే' అనుకోండి. అంతే. మిగతాది పట్టీ చూసుకుంటుంది," అంది మేడం.

వెలుగు రెండుసార్లు కిందికీ పైకీ తిరిగింది. మూడోసారి మూడో మాట దగ్గర ఆగింది. తెర వెనకనుంచి అమ్మ గొంతు, పిన్ని ఫోన్లో దాచుకున్న పాత మాటల్లోంచి ఏరి కూర్చిన గొంతు, స్పష్టంగా అంది: "దోమలు."

ముందుగా తేరుకున్నది నాయనమ్మే. "ఓసి నా తల్లీ! ఇన్నాళ్ళూ నిన్ను దోమలు కుడతన్నాయంటే! నీళ్ళు నీళ్ళని గొంతులో పోసి చంపాం గందా!" అని ఏడుపూ నవ్వూ కలిపేసింది. నాన్న దోమల బత్తి కోసం వీధిలోకి పరిగెత్తాడు, చెప్పులు కూడా వేసుకోకుండా.

జాబితాలో మాటలు ఇంటివాళ్ళే నింపుకోవాలట. "మేం నింపితే పుస్తకాల్లో మాటలొస్తాయి. ఆమె మాటలు మీకే తెలుసు," అంది మేడం. దానికోసం ఆవిడ ఒక ట్యాబ్ ఇచ్చింది. అందులో రంగు రంగుల ముక్కలు ఉంటాయి. జాబితా అనేది ఒక ముక్క, వెలిగించు అనేది ఒకటి, ఎంచితే పలుకు అనేది ఒకటి. వాటిని ఒకదానికొకటి తగిలిస్తే ప్రోగ్రాం తయారవుతుంది.

"నాకు ఐసు దిమ్మలు కొట్టడం తప్ప ఏం తెలవదండీ," అన్నాడు నాన్న. ఆయన రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మిషను నడుపుతాడు.

పిన్ని చిత్రంగా చూసింది. "ఇంట్లో ఇంత పిల్ల ఉండగా మనకెందుకు బావా? స్కూల్లో కంప్యూటర్ ముట్టుకునేది ఇదొక్కతేనంట. సారు చెప్పాడు. మాట్టాడితే ముత్యాలు రాలిపోతాయని మాట్టాడదుగానీ, దీనికన్నీ వొచ్చు."

వకుళ తల దించుకుంది. క్లాసులో హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అనడానికి కూడా రెండుసార్లు గొంతు సవరించుకునే పిల్ల. ఇప్పుడు ఇంకొకరికి మాటలు పెట్టాలి.

కానీ పని మొదలుపెట్టాక భయం పోయింది. పక్కకి తిప్పండి అనే మాట తీసేసి 'కాస్త ఇటు తిప్పవే' అని పెట్టింది, అమ్మ అలాగే అంటుంది కాబట్టి. 'ఫ్యాను తగ్గించు'. 'ఎవరొచ్చారు?'. 'పైట సర్దు'. 'ఇవాళ కూరేంటి?', ఆమె కూర తినలేకపోయినా సరే. 'అదేం కాదులే'. అన్నీ రాసుకుంటూ పోయింది.

మనుషుల జాబితా వేరుగా ఉంది. అందులో ఫొటో పెట్టి, పక్కన ఆమె వాళ్ళని ఏమని పిలుస్తుందో రాయాలి. నాయనమ్మ ఫొటో పక్కన 'అత్తయ్యా'. పిన్ని పక్కన 'చెల్లీ'. తన ఫొటో పక్కన 'వకుళా'. నాన్న ఫొటో పెట్టాక వకుళ చెయ్యి ఆగిపోయింది.

అమ్మ నాన్నని ఏమని పిలుస్తుంది?

ఆమె నోట భర్త పేరు ఎవరూ వినలేదు. నాన్న పేరు నాగాంజనేయులు. ఆ పేరులో ముక్క ఉంటుందని ఊరి చివర గుడిని కూడా ఆమె ఆంజనేయస్వామి గుడి అనేది కాదు, తోకసామి గుడి అనేది. "ఒక్కసారి పేరు పెట్టి పిలువు శేషూ, ఫ్యాక్టరీ మొత్తానికి బిర్యానీ పెట్టిస్తా," అని నాన్న ఏడిపించేవాడు. "పొండి, తినేవాళ్ళకి సిగ్గు లేకపోతే సరి," అని ఆమె వంటింట్లోకి పోయేది. ఏవండీ అని కూడా గట్టిగా అనగా వకుళ వినలేదు.

నాన్నని అడుగుదామంటే సిగ్గు. నాయనమ్మని అడిగితే వీధంతా చెప్పి నవ్వుతుంది. చివరికి రేషన్ కార్డులో ఉన్నట్టు పూర్తి పేరు రాసేసింది. రాస్తుంటే ఒక ఆశ కూడా పుట్టింది. పెదాలతో పలకనక్కర్లేదు కదా, మనసులో 'ఇదే' అనుకుంటే చాలు కదా. అలాగైనా నాన్న ఒక్కసారి ఆ పేరు అమ్మ గొంతులో వింటాడేమో.

జాబితా పెరిగేకొద్దీ వెలుగు దిగి రావడానికి చాలాసేపు పట్టేది. కావలసిన మాట అడుగున ఉంటే, అది వచ్చేలోపు అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వకుళ ట్యాబ్‌లో వెతికితే ఒక ముక్క దొరికింది. దాని పేరు 'వాడనివి కిందికి'. ఎక్కువసార్లు ఎంచినవి పైకి వస్తాయి, ఎంచనివి కిందికి జారతాయి, మరీ ఎంచకపోతే జాబితాలోంచి రాలిపోతాయి. తగిలించింది. ఫోన్లో చెబితే మేడం మెచ్చుకుంది. "మంచిపని చేశావమ్మా. పట్టీ కూడా అంతే, ఎంచిన మాటకల్లా లోపల చిన్న తరంగం పంపి ఆ దారి గట్టిచేస్తుంది. ఇక చూడు, మీ అమ్మ ఎంత వేగం అందుకుంటుందో."

నిజంగానే వేగం అందుకుంది. ఇల్లు మళ్ళీ ఇల్లయింది. "అత్తయ్యా, ఫ్యాను తగ్గించు", "అత్తయ్యా, కాస్త ఇటు తిప్పవే" అని తెర పిలుస్తూనే ఉండేది. "మంచాన పడ్డా నన్ను తిప్పడం మానలా మహాతల్లి. పైగా తిప్పవే అంట, అత్తని!" అని నాయనమ్మ సాధించేది, పిలవడం ఆలస్యమైతే తనే లేచి వెళ్ళి తెర ముందు నిలబడేది. వకుళ ఆ 'తిప్పవే'ని 'తిప్పండి' చెయ్యబోతే వద్దంది.

సాయంత్రం నాన్న వచ్చేవాడు. ఐసుకి తిమ్మిరెక్కిన చేతులు వేణ్ణీళ్ళలో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా అడిగేవాడు. "నా సంగతేమన్నా అడిగిందా ఇయ్యాల?"

"లేదు నాన్నా."

"ఊరికే అడిగాలే."

తర్వాత వెళ్ళి మంచం పక్కన కూర్చునేవాడు. మనుషుల జాబితా మీద వెలుగు దిగుతూ ఉండేది. అత్తయ్య, వకుళ, చెల్లి. తన ఫొటో మీదకి వచ్చినప్పుడు నాన్న కాస్త ముందుకి వంగేవాడు. వెలుగు దాటిపోయేది. ఆయన వెనక్కి జరిగి, దుప్పటి అంచు సరిచేసి, ఫ్యాక్టరీలో ఎవరో జారిపడిన కథ చెప్పేవాడు.

సందెపొద్దున ఇంకొకటి జరిగేది. నాన్న అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినబడగానే తెర పిలిచేది. "వకుళా."

"ఏంటమ్మా?" అని వకుళ ఎదురుగా వెళ్ళి నిలబడేది. ఇంకే మాటా వచ్చేది కాదు. నీళ్ళు తాగించేది, ఇటు తిప్పేది, బత్తి వెలిగించేది. "వకుళా," అనేది మళ్ళీ తెర. "ఇక్కడే ఉన్నాగా అమ్మా," అనేది వకుళ. అమ్మ కళ్ళు ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూసేవి. ఆ పిలుపులు కొన్నాళ్ళకి తగ్గాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. అమ్మ కాస్త కుదుటపడిందనుకున్నారు.

మళ్ళీ అలివేలు మేడం వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఐసు ఫ్యాక్టరీలో పని పెరిగి, కొన్నాళ్ళుగా నాన్న ఇంటికి వచ్చేసరికి తెర ఆపేసి ఉండేది. ఈసారి ఆవిడ మజ్జిగ కూడా వద్దంది. "వకుళా, జాబితాలోంచి పడిపోయినవి ఎక్కడుంటాయో చూపించమ్మా," అంది.

"అవెందుకండీ?" అంది పిన్ని.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఏలూరులో ఒక పెద్దాయనకి కూడా ఇదే పట్టీ పెట్టాం. వాళ్ళింట్లో జాబితా రాసినప్పుడు పెరుగు మర్చిపోయారు. మొన్న ఆయన ముందు పెరుగన్నం పెడితే ఇదేంటన్నట్టు చూశాడట. పెరుగంటే ఏంటో పోయింది. మేం మిగతావాళ్ళని చూడటం మొదలుపెట్టాం. ఎంచిన వాటి దారి పట్టీ గట్టిచేస్తూ ఉంటే, ఎంచని వాటి దారిలో మనసు నడవడమే మానేస్తోంది. ఇలా అవుతుందని మేమనుకోలేదండీ."

వకుళ ట్యాబ్ తెరిచింది. రాలిపోయినవి ఒక మూలన బూడిదరంగులో పేరుకుని ఉన్నాయి. కాఫీ. రేడియో. గాజులు. వాటి పైన, చిన్నబోయిన ఫొటోతో, నాగాంజనేయులు.

"ఇదేందే!" పిన్ని గొంతు పెద్దదైంది. "అక్క బావ పేరు పలకడం ఎప్పుడన్నా చూశావంటే? చస్తే పలకదు గందా! ఎట్టా రాశావే ఈ పేరు?"

"మనసులోనే కదా పిన్నీ, పెదాలతో కాదు కదా అని..."

"మనసులో మాత్రం పలుకుద్దా?"

"మరి ఏమని రాయను? అమ్మ నాన్నని ఏమని పిలిచేది?"

పిన్ని నోరు తెరిచింది. ఆలోచించింది. కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. "యాడ పిలిచేదే? నిన్నే పిలిచేది. వకుళా, మీ నాన్నని అన్నానికి రమ్మను. వకుళా, మీ నాన్న తువ్వాలు మర్చిపోయాడు. నువ్వు పుట్టకముందు నన్ను పిలిచేది."

వకుళ అక్కడే గోడ వారగా కూర్చుండిపోయింది. సందెపొద్దుల్లో తెర తనని పిలిచిందనుకుంది. నీళ్ళు తాగించింది. దోమల బత్తి వెలిగించింది. అమ్మ పిలిచింది నాన్నని. రోజూ, ఆపకుండా, తనకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో పిలిచింది. ఎంత పిలిచినా ఎదురుగా కూతురే నిలబడి ఏంటమ్మా అంటుంటే, పిలవడం మానేసింది.

నాన్నకి కబురు చేశారు. ఆయన మధ్యాహ్నమే వచ్చాడు, చొక్కా నిండా ఐసు నీళ్ళతో. విషయం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మేడం ఆయన్ని మంచం దగ్గరికి వెళ్ళమంది. రోజూ లాగే వంగి దుప్పటి అంచు పట్టుకున్నాడు.

తెర అంది: "పైట సర్దు."

నాన్న ఆగాడు.

"చెల్లీ. పైట సర్దు. ఎవరొచ్చారు?"

"నేనే శేషూ!" అన్నాడు నాన్న నవ్వుతూ. "ఎవరొచ్చారంట! కొత్తగా నేర్చుకున్నావా ఎగతాళి?"

"ఎవరొచ్చారు?" అంది తెర మళ్ళీ. అమ్మ గొంతులో ఎగతాళి లేదు. ఊరికి కొత్తగా వచ్చిన ఉద్యోగి ఎవరైనా గుమ్మంలో నిలబడితే అడిగే గొంతు అది, ఆ మాటకి ఆ గొంతే బాగుంటుందని వకుళే ఏరి పెట్టింది.

పిన్ని గబగబా వచ్చి దుప్పటి అమ్మ మెడ దాకా లాగింది. నాయనమ్మ లేచింది. "ఒరే అబ్బాయ్," అంది, ఎప్పుడూ లేనంత మెల్లగా, "నువ్వు కాసేపు ఇటు రారా నాయనా."

మేడం చెప్పినవి రెండు దారులు. పట్టీ తీసేస్తే మరుపు ఆగవచ్చు, పోయింది తిరిగి వస్తుందో రాదో ఆవిడకి కూడా తెలియదు. మాట మాత్రం పోతుంది. తీయకపోతే మాట ఉంటుంది, జాబితాలో ఉన్నంత మేరకే మనిషీ ఉంటుంది. "మీరు ఆలోచించుకోండి. నేను రేపు వస్తాను," అని వెళ్ళిపోయింది. కారు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి, వకుళ తల మీద చెయ్యి వేసి వెళ్ళింది.

వకుళ 'వాడనివి కిందికి' ముక్క పీకేసింది. నాన్న ఫొటో పక్కన తోచినవన్నీ రాసింది: ఆయన, ఏవండీ, మీ నాన్న, ఇదిగో. పెళ్ళి ఫొటో పెట్టింది. వెలుగు వాటి మీదుగా దిగింది. అమ్మ కళ్ళు కొత్త క్యాలెండరు బొమ్మని చూసినట్టు చూశాయి. తెలియని మనిషిని ఎందుకు పిలుస్తుంది?

పట్టీ ఉంచాలంటే ఏదీ మిగలకుండా రాయాలి. వకుళ రాస్తూ కూర్చుంది. పెరుగు. గాజులు. రేవులో పడవల చప్పుడు. ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన వచ్చే ఘాటు వాసన. ఉప్పుచేప వేగుతుంటే తలుపు మూసుకునే పక్కింటి పంతులమ్మ. తోకసామి గుడి. తన పుట్టినరోజుకి కుట్టిన పసుపు గౌను. వాన పడుతుంటే ఆరేసిన రొయ్యల మీదకి పట్టా లాగడం. రాస్తుంటే ఒకదాని వెంట ఇంకొకటి వస్తూనే ఉన్నాయి. పేజీలు పేజీలుగా జాబితా దిగిపోయింది. అయినా తను రాస్తున్నవన్నీ తనకి తెలిసిన అమ్మవే. తను పుట్టకముందు అమ్మ ఎలా ఉండేదో, నాన్నతో ఎవరూ లేనప్పుడు ఏం మాట్లాడేదో, షెడ్డులో రొయ్యలు ఒలుస్తూ తనలో తను ఏమనుకునేదో వకుళకి తెలియదు. ఆ మాటలు ఏ ముక్కకి తగిలించాలి?

"వకుళా! ఆపవే!" పిన్ని ట్యాబ్ లాక్కుంది. "అక్క ఏడుస్తంది చూడు!"

తెర మీద వెలుగు పడవల చప్పుడు దాటి, ఉప్పుచేప దాటి, ఇంకా దిగుతూనే ఉంది. నీళ్ళు అనే మాట ఎక్కడో అడుగున ఉండిపోయింది. అమ్మ కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. పిన్ని చెంచాతో నీళ్ళు పడితే, దాహంతో ఉన్న మనిషి గుటక వేసిన చప్పుడు గదంతా వినబడింది. వకుళ అంతవరకూ రాసిందంతా చెరిపేసింది.

మర్నాడు పొద్దున నాన్న పనికి వెళ్ళలేదు. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. నాయనమ్మ గుడికి వెళ్ళింది. పిన్ని కుళాయి దగ్గర ఉంది. వకుళ అమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది.

"తీసెయ్యి దాన్ని," అన్నాడు నాన్న గదిలోకి వస్తూనే.

"మేడం వస్తానన్నారు నాన్నా..."

"ఆవిడొచ్చి చేసేదేముంది? తియ్యి."

వకుళ కదలలేదు. నాన్నే వంగి, అమ్మ తల కింద చెయ్యి పెట్టి, పట్టీ ముడి వెతికాడు. "చెల్లీ," అంది తెర. "చెల్లీ. ఎవరొ" అని ఆగిపోయింది. పట్టీ ఊడి వచ్చింది. తెర మీద వెలుగు ఆరిపోయింది. నాన్న పట్టీని వకుళ చేతిలో పెట్టాడు.

"ఇన్నేళ్ళు ఏ పట్టీ పెట్టుకుని మాట్టాడింది నాతో? అది చూసే చూపుకే నాకు తెలిసేది, ఆకలో, కోపమో. నా పెళ్ళాంతో నేను మాట్టాడుకుంటా. మొదట్నించీ చెప్తా. పెళ్ళిచూపుల కాడి నుంచీ చెప్తా. ఎందుకు గుర్తు రాదు?" కూతురు చూస్తోందని తల తిప్పుకున్నాడు. "నువ్వు పోమ్మా. నువ్వు ఇక్కడుంటే నాకు మాట రాదు."

వకుళ అమ్మ కళ్ళలోకి చూసింది. అమ్మ నాన్నని చూడటం లేదు. తెల్ల చొక్కా వేసుకుని, మంచం మీదకి ఒంగిన ఆ కొత్త మనిషి పక్కనుంచి, కూతురినే చూస్తోంది, రెప్ప వేయకుండా. భుజం మీద దుప్పటి జారి ఉంది.

నువ్వెవరో అమ్మకి తెలియదు నాన్నా, అమ్మ భయపడుతోంది. ఇంతే చెప్పాలి. వకుళ గొంతు సవరించుకుంది. ఇంకోసారి సవరించుకుంది. ఇన్నాళ్ళూ అమ్మకోసం అన్ని మాటలు రాసిన పిల్లకి, ఒక్కటి కూడా నోట్లోకి రాలేదు.

"నాన్నా," అంది.

"పో తల్లీ," అన్నాడు ఆయన. కోపంగా కాదు. భుజం పట్టి మెల్లగా గడప దాటించాడు. మంచం మీద కళ్ళు ఆమెతో పాటే గుమ్మం దాకా వచ్చాయి.

నాన్న తలుపు వేశాడు.